నాలుగుంపావు

గురువారం రెండో గంట.
కొత్తగా చేరిన నలభై ఇద్దరు
రీడింగ్ రూమ్‌లో నా ఎదుట.
సగం మంది చూపులు ఫోన్లలో,
మిగతా సగం ఫ్యాను కింద చోటు కోసం.

పదకొండేళ్ళుగా ఈ పాఠం నాదే.
సమాచారాన్ని ఎట్లా వెతకాలి, ఎంతవరకు నమ్మాలి.
సిలబస్‌లో దానికో పొడుగాటి పేరుంది.
నేను మాత్రం బియ్యంలో రాళ్ళేరడం అంటాను.

ఆ వేళ ముందుగా ఒక ఫోటో చూపించాను.
తెల్లవారేలోపు హాస్టళ్ళన్నీ చుట్టేసిన ఫోటో.
మూసీ మీద వంతెన కూలిందట.
అంబర్‌పేటలో అక్క ఉందని
ఒకమ్మాయి ఏడ్చిందట కూడా.
"ఏం కనబడుతోంది?" అన్నాను.
నీళ్ళు, అన్నారు. బస్సు, అన్నారు.
"బస్సు రంగు?"
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
"మన బస్సు కాదు మేడమ్."
"దుకాణం బోర్డు మీద అక్షరాలు?"
రెండు వేళ్ళతో బొమ్మను సాగదీసి సాగదీసి
తబస్సుమ్ లేచి నిలబడింది:
"తెలుగు కాదు, ఉర్దూ కాదు,
నాకు తెలిసిన ఏ లిపీ కాదు."
నవ్వులు. ఏడ్చిన పిల్ల కూడా నవ్వింది,
రాత్రి నిద్రంతా పోయినందుకు కొంచెం కోపంగా.

ఆ ఊపులో, ఎప్పటిలాగే,
గోడ మీది గడియారం చూపించాను.
నాలుగుంపావు దగ్గర ఆగిన ముళ్ళు.
"మూసీకి పెద్ద వరద వచ్చిన రాత్రి ఆగింది.
అప్పట్నుంచి ఎవరూ కీ ఇవ్వలేదు."
ప్రతి ఏడూ ఇక్కడ గది ఊపిరి బిగబడుతుంది.
ఆ క్షణమంటే నాకు ఇష్టం.

వెనక బెంచీ నుంచి చెయ్యి లేచింది.
బానోతు శైలేందర్, ఇల్లెందు.
"మేడమ్, ఇది మీకు ఎవరు చెప్పిండ్రు?"

జాంగీర్ మామ, అన్నాను.
పుస్తకాల బండి తోసుకుంటూ పోతున్న మామ ఆగాడు.
"నేను జూడలే బిడ్డా, ఇన్న.
నాకు మా పాత సూపర్డెంటు సాబ్ జెప్పిండు."
"ఆయనకు?"
మామ పైకి చూశాడు.
పైన ఫ్యాను తిరుగుతోంది.

సోమవారం పిల్లవాడు మళ్ళీ వచ్చాడు.
పాత స్టాక్ రిజిస్టర్లు కావాలన్నాడు.
ఇన్నాళ్ళూ అవి అడిగిన మనిషి లేడు,
బీరువా తాళం వెతకడానికే గంట పట్టింది.
పురుగు తిన్న అంచులు, వెలిసిన ఊదా సిరా,
కుర్చీలు, కూజాలు, పెట్రోమాక్స్ లైట్లు.
నాలుగో రోజు టీ వేళకు నన్ను పిలిచి
వేలు పెట్టి చూపించాడు:
గోడ గడియారం, ఒకటి.
ఆబిడ్స్‌లో కొన్నది. నూట నలభై రూపాయలు.
పందొమ్మిది వందల డెబ్బై ఒకటి.

వరద తీసిన అరవై మూడేళ్ళకు
కొన్న గడియారం
ఆ వరదలోనే ఆగిందని
పదకొండు బ్యాచ్‌లకు చెప్పాను.
వాళ్ళలో ఎందరు టీచర్లయ్యారో,
ఎన్ని క్లాసుల్లో ఇది ఇంకా ఆగుతూనే ఉందో.

చెవులు వేడెక్కాయి.
మొదట వచ్చింది కోపమే, అబద్ధం ఎందుకు చెప్పను.
అంత మంచి కథ,
ఒక్క రసీదు ముందు నిలబడలేకపోయింది.
తర్వాత చూశాను
వాడి చొక్కా చేతుల మీద యాభై ఏళ్ళ దుమ్ము.
ఈ పాఠానికి పరీక్ష ఉంటుందని తెలుసు,
రాయాల్సింది నేనని తెలియదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు.
నిలకడకేం, గడియారం నిలిచే ఉంది.
ఎవరో ఒకరు బీరువా తాళం అడగాలి.

"మరి ఎప్పుడు ఆగింది?" అన్నాను.
"అది దొరకలే మేడమ్."
ఎంత తేలిగ్గా అన్నాడో.
ఆ రెండు మాటలు అనడానికి
నాకింకా గొంతు తడబడుతుంది.

మామ ఇరానీ చాయ్ తెచ్చాడు.
సాసర్లో పోసుకుని ఊదుకుంటూ
"వరదల ఆగలేదంటే నమ్మబుద్ధైతలే" అన్నాడు.
నాకూ, అన్నాను.

తర్వాతి గురువారం ఇంకో బ్యాచ్.
"ఇది నాలుగుంపావు దగ్గర ఆగింది.
ఎప్పుడో, ఎందుకో తెలియదు."
గది ఊపిరి బిగబట్టలేదు.
ఎవరో ఆవులించారు.
మూడో వరసలో ఒకమ్మాయి మాత్రం
గడియారం వెనక గోడను చూస్తూ
"నిచ్చెన ఉందా మేడమ్?" అంది.